పురిటి నొప్పులకు సెల్ఫ్ హిప్నాసిస్: విశాఖ గర్భిణులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో గర్భిణులకు ప్రసవ తరగతులు చెబుతున్నప్పుడు క్లాసులో అడిగే ప్రశ్నలకంటే, క్లాసు అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడిగేవే ఎక్కువ. పక్కన అత్తగారున్నారనో, అందరూ నవ్వుతారనో ఆగిపోయిన ప్రశ్నలవి. వాటికి తీరిగ్గా జవాబులు రాయాలనిపించింది. మీ డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

హిప్నాసిస్ అంటే ఎవరో నన్ను వశం చేసుకోవడమా? నాకు స్పృహ ఉండదా?

స్పృహ పూర్తిగా ఉంటుంది. హిప్నాటిజం అనగానే మనకు స్టేజి మీదకు మనుషుల్ని పిలిచి నిద్రపుచ్చే ప్రదర్శనలు గుర్తొస్తాయి కాబట్టి ఈ భయం సహజమే. ప్రసవానికి నేర్చుకునేది అది కాదు. ఇక్కడ చేసేదీ మీరే, చేయించుకునేదీ మీరే. ఒళ్లు వదులు చేసి, ఊపిరి నెమ్మది చేసి, ధ్యాసంతా ఒక్కచోట నిలిపితే మనసు ఒక రకమైన మగతలోకి వస్తుంది. సీరియల్లో మునిగిపోతే పొయ్యి మీద పాలు పొంగుతున్నా తెలియదు చూడండి, దాదాపు అలాంటి స్థితి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు, లేవాలనుకుంటే లేస్తారు. ఆ స్థితిలో మీకు మీరు చెప్పుకునే మాట కాస్త లోతుగా నాటుకుంటుంది. దాన్నే పురిటి సమయంలో వాడుకుంటాం.

ఇది ఈమధ్య వచ్చిన ఫ్యాషనా?

పేరు కొత్తగా వినిపిస్తోంది గానీ విషయం పాతదే. మత్తుమందులు ఇంకా రాని రోజుల్లో, 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లాండ్ సర్జన్ రోగుల్ని ఇలాంటి మగత స్థితిలోకి తీసుకెళ్లి ఆపరేషన్లు చేశాడు. అంటే ఈ చరిత్రలో మన దేశానికీ చోటుంది. ప్రసవం విషయానికొస్తే, 1930లలో ఇంగ్లండ్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ భయం, బిగింపు, నొప్పి ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెప్పాడు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే ‘హిప్నోబర్తింగ్’ను 1989లో అమెరికాలో మేరీ మోంగన్ మొదలుపెట్టింది. ఇవాళ్టి క్లాసుల్లో చాలావరకు డిక్-రీడ్ చెప్పిన మాట మీద నిలబడినవే.

నొప్పి తెలియకుండానే పురుడు అయిపోతుందా?

అలా మాటిచ్చే వాళ్లకు డబ్బు కట్టకండి. ఇది నేను చాలా గట్టిగా చెప్పే మాట.

పరిశోధనలు ఏం చెప్పాయో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంగ్లండ్‌లో తొలికాన్పు వాళ్లు 680 మందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. సగం మందికి చివరి నెలల్లో రెండు క్లాసులు చెప్పి, రోజూ వినడానికి ఒక ఆడియో ఇచ్చారు. వాళ్లలో ఎపిడ్యూరల్ (నొప్పి తగ్గడానికి వెన్నులో సూదితో ఇచ్చే మందు) తీసుకున్నవాళ్లు నూటికి 28 మంది. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లలో 30 మంది. పెద్ద తేడా ఏమీ లేదు. డెన్మార్క్‌లో 1,222 మందితో చేసిన అధ్యయనంలోనూ ఎపిడ్యూరల్ వాడకంలో, నొప్పిలో తేడా కనిపించలేదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016లో ఇలాంటి 9 అధ్యయనాలను కలిపి చూసింది. నొప్పి మందుల వాడకం మొత్తం మీద కొంత తగ్గొచ్చు గానీ ఎపిడ్యూరల్ మాత్రం తగ్గడం లేదని తేల్చింది.

మరి ఎందుకు నేర్చుకోవాలి?

భయం తగ్గించుకోవడం కోసం. ఇంగ్లండ్ అధ్యయనంలోనే ఇంకో సంగతి బయటపడింది. పురుడైన రెండు వారాలకు అడిగితే, హిప్నాసిస్ నేర్చుకున్నవాళ్లు తాము ముందు అనుకున్నంత భయం, ఆందోళన నొప్పుల్లో కలగలేదని చెప్పారు. నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు. తొమ్మిది నెలలూ పక్కింటి పిన్నిగారు, ఆఫీసులో అక్క, యూట్యూబు కలిసి చెప్పిన భయంకరమైన పురిటి కథలు విని నిద్రపోలేని అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్లు రాత్రి పడుకోగలిగితే అదే చాలా మేలు.

శరీరంలో జరిగేదీ చూడండి. భయపడితే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, భుజాలు, దవడ, తొడలు బిగుసుకుంటాయి. అడ్రినలిన్ మరీ ఎక్కువైతే గర్భసంచి సంకోచాలు మందగించి నొప్పులు సాగిపోవచ్చు. నెమ్మదిగా ఉన్న ఒంట్లో నొప్పుల్ని నడిపించే ఆక్సిటోసిన్ తన పని సాఫీగా చేసుకుంటుంది. నొప్పి ఉంటుంది. దాని మీద భయం కూడా కూర్చుంటే బరువు రెట్టింపవుతుంది. ఆ రెండో బరువును దించడమే మన పని.

ఎన్నో నెలలో మొదలుపెట్టాలి?

ఏడో నెలలో మొదలుపెడితే తీరిగ్గా అలవాటవుతుంది. తొమ్మిదో నెలలో మొదలుపెట్టినా నష్టం లేదు, కాకపోతే రోజూ చేయాలి. వారానికోసారి క్లాసుకొచ్చి మధ్యలో ఇంట్లో ఏమీ చేయకపోతే నొప్పుల్లో ఒక్కటీ గుర్తుకురాదు.

రోజూ ఏం చేయాలో ఒకసారి వివరంగా చెబుతారా?

చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాలు చాలు.

ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద మడత పెట్టిన దుప్పటి పెట్టుకోండి. యోగా క్లాసులో చెప్పారని వెల్లకిలా శవాసనం వేయొద్దు. చివరి మూడు నెలల్లో వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు వెనకున్న రక్తనాళాల మీద పడుతుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరో ఎనిమిదో లెక్కపెడుతూ నోటితో వదలండి. పీల్చేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, అసలు కిటుకంతా అందులోనే ఉంది. కళ్లు తిరిగినా వేళ్లు చిమచిమలాడినా మీరు తొందర తొందరగా ఊపిరి తీస్తున్నారని అర్థం. నిదానించండి.

తర్వాత నుదుటి దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. నుదురు ముడి విప్పండి. పై పళ్లూ కింది పళ్లూ తాకకుండా దవడ వదిలేయండి. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి ఉంటాయి, దించండి. అరచేతులు తెరవండి. పిరుదులు, తొడలు, ఆఖరికి కాలి వేళ్లు. ఒక్కో చోట రెండు మూడు ఊపిరులు ఆగండి. చాలామందికి దవడ దగ్గరే కష్టం. అక్కడ కావాల్సినంతసేపు ఉండండి.

ఇప్పుడు పది నుంచి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టండి. ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు దిగుతున్నట్టు ఊహించుకోండి. మన ఊరి వాళ్లకు నేను చెప్పేది ఆర్కే బీచ్. తెల్లవారుజామున రోడ్డు మీంచి ఇసుకలోకి మెట్లు దిగుతున్నారు. కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. కాళ్ల కింద చల్లటి తడి ఇసుక. దూరంగా ఒక అల లేస్తుంది, పెద్దదవుతుంది, విరుగుతుంది, నురగతో మీ పాదాలు తడిపి వెనక్కి పోతుంది. ఒక్కో అలకు ఒక్కో నిమిషం ఇవ్వండి, ఎందుకంటే పురిటి నొప్పి కూడా దాదాపు నిమిషమే ఉంటుంది. ఆ నిమిషమంతా ఇందాకటిలాగే నెమ్మదిగా పీల్చి వదులుతూ ఉండండి. సముద్రం మీకు భయమైతే వేరే చోటు ఎంచుకోండి. సింహాచలం కొండ మీద సంపెంగ వాసన, అరకు దారిలో చెట్ల నీడ, అమ్మమ్మగారింటి పెరడు, ఏదైనా సరే. రోజూ అదే చోటుకు వెళ్లండి.

అక్కడ ఉండగా రెండు మూడు మాటలు చెప్పుకోండి. “నా దవడ వదులుగా ఉంది.” “ఈ ఊపిరి నాకూ నా బిడ్డకూ సరిపోతుంది.” “ఈ నొప్పి వచ్చింది, పోతుంది.” ‘నాకు నొప్పి లేదు’, ‘నాకు భయం లేదు’ అని మాత్రం అనుకోవద్దు. మొదటి గట్టి నొప్పికే అది అబద్ధమని తేలిపోయి మీ మీద మీకు నమ్మకం పోతుంది.

లేచేటప్పుడు ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టి కళ్లు తెరవండి. మధ్యలో నిద్రపట్టేస్తే హాయిగా నిద్రపోండి.

నాకు కుదురుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తీసి అరచేతిలో ఒక నిమిషం పట్టుకోండి. మొదటిసారి ఊరికే పట్టుకోండి. కాసేపు ఆగి రెండోసారి ఇంకో చేత్తో, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, మీ చోటును తలచుకుంటూ పట్టుకోండి. మొదటిసారి మోచేయి దాకా బిగుసుకున్న చేయి రెండోసారి వదులుగా ఉండటం మీకే కనిపిస్తుంది. చలి పోదు. దాన్ని మీరు భరించే తీరు మారుతుంది. నేను ఎంత చెప్పినా నమ్మని భర్తలు ఈ ఐసుముక్కతో నమ్ముతారు.

ఆడియో ఎవరి గొంతులో ఉండాలి? నాకు దొరికినవన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి.

మీ ఫోనులో మీరే రికార్డు చేసుకోండి, లేదా మీకు ధైర్యమిచ్చే మనిషి చేత చేయించండి. నొప్పులు ముదిరాక ఇంగ్లిషు వాక్యం అర్థం చేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. “ఏటీ కాదమ్మా, ఒళ్లు వదిలెయ్, నేనున్నాను” అని అమ్మ మామూలుగా మాట్లాడే యాసలో చెప్పిందే పనిచేస్తుంది. పుస్తక భాషలో రాసి చదివించొద్దు.

మా క్లాసుకు వచ్చిన ఒకమ్మాయి భర్త మర్చంట్ నేవీలో ఉన్నాడు. ఓడ మీంచి వాట్సాప్‌లో పంపిన అతని వాయిస్ మెసేజ్ వెనకాల ఇంజిన్ హోరు వినిపిస్తూనే ఉండేది. ఆ చప్పుడు తీసేయించుకోమని ఎవరో చెబితే ఆమె ఒప్పుకోలేదు. ఆ హోరుంటేనే ఆయన అక్కడ నిలబడి మాట్లాడుతున్నట్టుంటుందని అంది. నేవీ, ఓడలు, స్టీల్ ప్లాంట్ షిఫ్టులు ఉన్న ఊరు మనది. భర్త సమయానికి పక్కన ఉంటాడన్న భరోసా లేని ప్రతి ఇల్లూ ముందే ఇలా ఒక రికార్డింగ్ పెట్టుకోవడం మంచిది.

ఇంట్లో ఏకాంతం దొరకదు. రెండు గదుల్లో ఆరుగురం ఉంటాం.

దొరకనక్కర్లేదు. లేబర్ రూంలో కూడా ఏకాంతం దొరకదు. టీవీ, ప్రెషర్ కుక్కర్ విజిల్, పిల్లల అల్లరి మధ్య చేయడం అలవాటైనవాళ్లకే ఆసుపత్రిలో తేలిగ్గా ఉంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోండి.

మా ఇంట్లో ఇది మన పద్ధతి కాదంటున్నారు. దేవుడి నామం చదువుకోవచ్చా?

తప్పకుండా. ధ్యాస నిలపడానికి ఒక ఆలంబన కావాలి, అంతే. కనకమహాలక్ష్మి అమ్మవారిని తలచుకున్నా, బైబిల్ వాక్యం చెప్పుకున్నా, దుఆ చదువుకున్నా పనిచేసే తీరు ఒకటే. పేరుతో ఇబ్బంది ఉంటే ఇంట్లో హిప్నాసిస్ అనకండి, రిలాక్సేషన్ అనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలలో కూడా నొప్పికి ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు కండరాలు వదులు చేయడం, ఊపిరి సాధన, సంగీతం లాంటివి సూచించారు. పెద్దవాళ్లకు ఆ ముక్క చెబితే వింటారు.

కేజీహెచ్‌లోనో ఘోషా ఆసుపత్రిలోనో పురుడు పోసుకుంటే ఇవన్నీ చేయనిస్తారా?

ఊపిరి తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కళ్లు మూసుకుని మనసులో లెక్కపెట్టుకుంటే పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేబర్ రూంలను మెరుగుపరచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమంలో నొప్పులు పడేటప్పుడు తోడుగా ఒకరిని ఉండనివ్వడం కూడా ఒక భాగం. తోడు ఎవరు ఉండొచ్చు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చా అన్నవి చెకప్‌కి వెళ్లినప్పుడే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు, ఆ రోజు అడగడం వీలు. ప్రైవేటు ఆసుపత్రిలోనూ ఇవే అడగండి. అర్ధరాత్రి మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా అన్నది కూడా.

నర్సులకు మాత్రం ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: “కళ్లు మూసుకుని ఊపిరి తీస్తుంటే నిద్రపోతున్నాననుకోకండమ్మా, నొప్పుల్లోనే ఉన్నాను.” ఇది చాలా ముఖ్యం. నెమ్మదిగా ఉన్న తల్లిని చూసి ఇంకా చాలా టైముందనుకునే ప్రమాదం ఉంది.

అసలు నొప్పుల్లో దీన్ని ఎలా వాడాలి?

మొదట్లో, నొప్పులు దూరదూరంగా వస్తున్నప్పుడు, ఏమీ చేయకండి. అన్నం తినండి, స్నానం చేయండి, వరండాలో అటూ ఇటూ నడవండి. మొదటి నొప్పికే సాధన మొదలుపెడితే అసలు సమయానికి అలిసిపోతారు. తొలికాన్పులో ఈ దశ చాలా గంటలు సాగొచ్చు. మాట్లాడుతూ మాట్లాడుతూ నొప్పి వచ్చి మాట ఆగిపోయిందంటే అప్పుడు మొదలుపెట్టండి.

గర్భసంచి ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక నొప్పులు దగ్గరవుతాయి, బలపడతాయి. ఇక్కడ నొప్పి వచ్చినప్పుడు ఊపిరి, తగ్గాక దవడ, భుజాలు చూసుకోవడం. మధ్యలో దొరికే రెండు మూడు నిమిషాలే మీ ఆస్తి. రాబోయే నొప్పి గురించి ఆలోచిస్తూ ఆ నిమిషాలు పాడుచేసుకోవద్దు. పక్కనున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి “వదులు” అనాలి. ఇంట్లో సాధన చేసినన్ని రోజులూ అదే చోట, అదే మాటతో చేయి వేయించుకుని ఉంటే ఆ స్పర్శకే ఒళ్లు వదులవుతుంది.

ద్వారం పూర్తిగా తెరుచుకోబోయే ముందు కొద్దిసేపు చాలామందికి “ఇక నా వల్ల కాదు” అనిపిస్తుంది. వణుకు, వాంతి, ఏడుపు, కోపం రావచ్చు. నేర్చుకున్నదంతా మరిచిపోయానని కంగారుపడతారు. అక్కడ ఊహలు, లెక్కలు ఏమీ వద్దు. తోడున్న మనిషి కళ్లలోకి చూస్తూ ఒక్క ఊపిరి వదలండి. తర్వాత ఇంకొకటి.

ముక్కమని చెప్పే సమయానికి కళ్లు తెరిచి డాక్టరు, నర్సు మాట వినండి.

అరిస్తే ఫెయిలైనట్టా? ఎపిడ్యూరల్ అడిగితే?

రెండూ కాదు. అరవాలనిపిస్తే అరవండి. ఎపిడ్యూరల్ కావాలనిపిస్తే అడగండి. సూది పెట్టేటప్పుడు వంగి కదలకుండా కూర్చోవాలి కదా, అక్కడ కూడా ఈ ఊపిరే పనికొస్తుంది. మందు లేకుండా కన్నవాళ్లు గొప్ప, తీసుకున్నవాళ్లు తక్కువ అని చెప్పే క్లాసు ఏదైనా ఉంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నొప్పులు పెంచడానికి సెలైన్లో మందు ఎక్కిస్తే నొప్పులు ఒక్కసారిగా బలంగా రావచ్చు. అప్పుడు ఉపశమనం అడగడం మీ హక్కు.

ఆఖరికి సిజేరియన్ అయితే నేర్చుకున్నదంతా వృథాయేనా?

ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 ప్రసవాలు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఈ సాధన నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆపరేషన్ థియేటర్‌ని కూడా ఊహలో ఒకసారి చూసి రావాలని నా అభిప్రాయం. చల్లటి గది, నెత్తి మీద పెద్ద లైటు, పొట్టకు అడ్డంగా గుడ్డ, వెన్నులో ఇంజక్షన్ తర్వాత కాళ్లు బరువెక్కడం. ముందే తెలిసిన చోటు అంత భయపెట్టదు. ‘నార్మల్ డెలివరీ గ్యారంటీ’ అని హిప్నాసిస్ క్లాసులు అమ్మడం అన్యాయం. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, కాక్రేన్ సమీక్షలో కూడా మామూలు కాన్పులు పెరిగినట్టు స్పష్టంగా తేలలేదు.

ఎవరు చేయకూడదు?

ఊపిరి, కండరాలు వదులు చేయడం వరకు దాదాపు అందరూ చేయొచ్చు. స్కిజోఫ్రేనియా లాంటి మానసిక జబ్బులకు మందులు వాడేవాళ్లు, ఉన్నట్టుండి తాము వేరే మనిషైనట్టు అనిపించేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మగత సాధనలు చేయొద్దు. గతంలో లైంగిక హింస ఎదురైనవాళ్లకు, పోయినసారి పురుడు చేదుగా జరిగినవాళ్లకు కళ్లు మూసుకోగానే పాత జ్ఞాపకాలు ముసురుకోవచ్చు. వాళ్లు కళ్లు తెరిచే చేయొచ్చు. సైకాలజిస్టు దగ్గర ఒకసారి మాట్లాడితే ఇంకా మంచిది. బండి నడుపుతూ ఆడియో వినడం ఎవరికీ పనికిరాదు.

నెమ్మదిగా ఉన్నాను కదా, ఇంట్లోనే ఎక్కువసేపు ఉండొచ్చా?

ఈ ఒక్క విషయంలో దయచేసి మొండితనం వద్దు. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా, రక్తం పోయినా, ఉమ్మనీరు పోయినా (ముఖ్యంగా ఆకుపచ్చగా ఉంటే), తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, ఫిట్స్, జ్వరం ఉన్నా, 37 వారాలు నిండకముందే నొప్పులొచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ముందు రిలాక్స్ అయి చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి విశాఖ రావాల్సినవాళ్లు ఘాట్ రోడ్డు సమయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. డాక్టరు చెప్పిన తేదీకి ముందే విశాఖలో చుట్టాలింట్లో దిగితే ఆ టెన్షన్ ఉండదు.

ఇంట్లోనే కనాలన్న ఆలోచనకు ఈ సాధన ఆసరా కాకూడదు.

క్లాసులో చేరేముందు ఏం అడగాలి?

నేర్పేవాళ్లు నర్సా, డాక్టరా, సైకాలజిస్టా, ఎక్కడ చదివారు అన్నది అడగండి. మందులు, స్కాన్లు మానేయమంటున్నారేమో చూడండి. మానేయమంటే వెంటనే బయటికి రండి. మీతోపాటు వచ్చే మనిషికి కూడా నేర్పుతారా అన్నది నేనైతే అన్నిటికంటే ముందు అడుగుతాను. డబ్బు పెట్టలేకపోతే పైన రాసిన సాధన చాలు.

పురుడయ్యాక కూడా పనికొస్తుందా?

పనికొస్తుంది. కుట్లు వేసేటప్పుడు, బిడ్డ పాలు తాగుతుంటే గర్భసంచి ముడుచుకుని వచ్చే నొప్పికి, రాత్రి ఒంటిగంటకు బిడ్డను పడుకోబెట్టాక మీకు నిద్ర పట్టనప్పుడు అదే ఊపిరి, అదే చోటు. అయితే రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా, ఎప్పుడైనా సరే చచ్చిపోవాలనిపించినా దానికి ఈ సాధన మందు కాదు. అది పురుటి తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, చికిత్సతో తగ్గుతుంది. డాక్టరుకు చెప్పండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మీరు చేయలేని స్థితిలో ఉంటే ఇంట్లో ఇంకొకరు చేసినా సరే.